గోకూ ఆటయు, మన పిల్లల చేతులును

మీ యింటి పిల్లవాడు రెండు అరచేతులు నడుము ప్రక్కకు తెచ్చి, గాలిని ముద్దగా పట్టుకొనినట్లు పట్టి, ఒక్కసారిగా ముందునకు తోయుచు "కమేహమేహా" అని కేక వేయుట మీరు చూచియుండవచ్చును. జనగామలోనైనను, మహబూబాబాదులోనైనను, భూపాలపల్లి సింగరేణి కాలనీలోనైనను, ఫోను ఉన్న యింట ఆ బొమ్మ కనబడక మానదు. ఇది యేదో మంత్రమని భయపడు తల్లులు ఉందురు. మంత్రము కాదు. జపాను దేశపు బొమ్మల కథకుడు తొరియామా అకిరా 1984లో ఒక వారపత్రికలో మొదలుపెట్టి 1995 వరకు నడిపిన "డ్రాగన్ బాల్" అను కథలోని ఒక దెబ్బ పేరది. వారి భాషలో కమే అనగా తాబేలు. తాబేలు ముని యను ముసలి గురువు నేర్పిన దెబ్బ గనుక ఆ పేరు అతికినది. హవాయి ద్వీపములను ఏకము చేసిన రాజు పేరును అదే. కథానాయకుడైన గోకూ చీనావారి పురాతనమైన కోతిరాజు కథలోనుండి వచ్చినవాడు. తొరియామా 2024 మార్చిలో మరణించెను. ఆయన బొమ్మలు మాత్రము తిరుగుచునే యున్నవి.

ఈ కథను ఆటగా మార్చినవారు చాలామంది. అందులో ఒక జాతి ఆటను గూర్చియే నేడు మీతో మాటలాడదలచితిని. 2006లో నింటెండో కంపెనీవారు "వీ" అను యంత్రమును విడుదల చేసిరి. దానిని ఆడువాడు కుడిచేత ఒక పిడిని, ఎడమచేత మరియొక పిడిని పట్టుకొనును. చేయి కదలిన తీరును లోపలి యంత్రము కనిపెట్టి, తెరమీది బొమ్మచేత తగిన పని చేయించును. అదే సంవత్సరము దానికొరకు వచ్చిన డ్రాగన్ బాల్ పోరాటపు ఆటలో ఆ తాబేటి దెబ్బ కొట్టవలెనన్న, చేతులు వెనుకకు లాగి ముందునకు తోయవలెను. 2012లో కినెక్ట్ అను కెమెరాతో ఆడు ఆటయు వచ్చెను. దానికి పిడి కూడ అక్కరలేదు, ఒళ్లే పనిముట్టు. అయితే మనిషికిని తెరకును ఆరడుగుల యెడము కావలెను. మన పల్లెయిండ్లలో మంచము, బియ్యపు డబ్బా తీసివేసిన గాని ఆ చోటు దొరకదు. ఆ కెమెరా తయారీని 2017లో నిలిపివేసిరి. ఇక 2024 అక్టోబరులో వచ్చిన "స్పార్కింగ్ జీరో" యను కొత్త ఆటను 2025 నవంబరులో నింటెండో స్విచ్ యంత్రమునకు కూడ తెచ్చి, చేతులాడించు పద్ధతిని మరల పెట్టిరి. కాబట్టి ఇది చచ్చిపోయిన సంగతి కాదు.

నిందింపక మునుపు మంచిని చెప్పవలెను. మన యువకులు ఫోనుమీద వంగి, బొటనవ్రేళ్లు తప్ప మరేదియు కదలనీయక, గంటలకొలది తుపాకి ఆటలు ఆడుచున్నారు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వమువారు పబ్జీని నిషేధించినను ఆ అలవాటు పోలేదు. దానితో పోల్చినయెడల, లేచి నిలువబడి, చేతులాడించి, చెమటపట్టి ఆడు ఆట మేలైనది. ఇద్దరు ప్రక్కప్రక్కన నిలిచి ఆడవచ్చును. తాత కూడ మనుమనితో ఒక పట్టు పట్టవచ్చును. రక్తపు మడుగులు చూపి సంతోషపెట్టు ఆట కాదిది. రంగులు ఇంపుగా ఉన్నవి. ఇంటిల్లిపాది ఆడదగినదని చెప్పుదురు గాని, అమెరికాలో దీనికి పదమూడేండ్లు దాటినవారికని ముద్ర వేసియున్నారని పెద్దలు ఎరిగియుండుట మంచిది.

ఇందులో వంచన కూడ కొంత కలదు. మొదట పిల్లవాడు ఒళ్లంతా ఊపి కొట్టును. నాలుగు దినములలో మణికట్టు కొంచెము విదిలించిన చాలునని తెలిసికొనును. తరువాత కుర్చీలో కూర్చుండియే లోకములను పగులగొట్టును! వీ యంత్రము వచ్చిన క్రొత్తలో పిడులు చేతులనుండి జారి యెగిరి సామానులను పగులగొట్టినందున, కంపెనీవారు ముప్పదిరెండు లక్షల మణికట్టు పట్టీలను మార్చి యిచ్చుటకు ఒప్పుకొనిరి. అనగా ఆ ఆటలో నిజముగా దెబ్బ తినగలిగినది యింటి అద్దమే.

ఇప్పుడు మన కోలాటమును చూడుడి. కోల యెదుటివాని కోలకు తగులవలెను. ఒక గడియ ముందైనను వెనుకైనను వ్రేలు పగులును, అది యెదుటివాని వ్రేలు. అందుచేత కోలాటమాడువాడు కొట్టుటతోపాటు ఎంతవరకు కొట్టవలెనో నేర్చుకొనును. చిరుతల రామాయణము కట్టించు గురువులును నెలలకొలది నేర్పునది ఈ నిదానమే. క్రిస్మసు రాత్రి మన సంఘములలో దావీదు గొల్యాతు నాటకము వేసినప్పుడు, అట్టకవచము తొడిగిన పొడుగు పిల్లవాడు ధబాలున పడును. జనము చప్పట్లు కొట్టుదురు. పిమ్మట ఆ చిన్న దావీదే వంగి వానికి చేయి అందించి లేపును, ఏలయనగా తరువాతి రంగములో వాడు గొల్లవానిగా రావలెను. పోరాటపు ఆట చెడ్డదని నేననను. మనము పిల్లలకు నేర్పుచునే యున్నాము.

హైదరాబాదులో ఔరోనా టెక్నాలజీస్ అనువారు 2009లో ప్లేస్టేషన్ కొరకు బాల హనుమంతుని ఆటను చేసిరి. దైవముగా కొలుచువానిని మీటలతో ఆడింపరాదని కొందరు హిందూ పెద్దలు ఆక్షేపించిరి. వారి మాటను తేలికగా కొట్టివేయకుడి. ఆటలో చేయి చేయు పని మనస్సులో నిలుచునని వారు గుర్తించిరి.

నా అసలు ఆక్షేపణ ఇక్కడనే యున్నది. తొరియామా కథలో వెజీటా అనువాడు భూమిని నాశనము చేయవచ్చి, ఓడిపోయి, నేలమీద ప్రాకుచు పారిపోజూచును. గోకూ స్నేహితుడు క్రిల్లిన్ కత్తి యెత్తును. ఎముకలు విరిగి పడియున్న గోకూ, వానిని పోనిమ్మని బ్రతిమాలుకొనును. అది కేవలము దయయే కాదు; అంతటి బలవంతునితో మరల తలపడవలెనను ఆశయు కలదు. అయినను ఆ ప్రాణభిక్షవలన వెజీటా తరువాతి కాలమున వారి పక్షమున నిలిచి పోరాడును. అంతకుముందు పికొలో అను శత్రువును అట్లే స్నేహితుడాయెను. ఆ కథను నలుబది యేండ్లుగా నిలిపినది ఈ మార్పులే గాని వట్టి దెబ్బలు కావని నా తలంపు.

మరి ఆటలో? గుద్దుటకు ఒక కదలిక కలదు. త్రోయుటకు, మెరుపు విసరుటకు, గాలిలో యెగురుటకు కలదు. పడినవానికి చేయి అందించుటకు ఒక్కటియు లేదు. కత్తిని ఆపుటకును లేదు. స్పార్కింగ్ జీరోలో కథ మలుపులవద్ద దారి యెన్నుకొను వీలు కల్పించిరి, అది మెచ్చదగినదే. కాని ఆ యెన్నిక తెరమీది మాటలలో ఒకదానిని ఏరుకొనుటయే. కొట్టుటకు చేతులను ఇంత శ్రద్ధతో వాడుకొనిన పనివారు, క్షమించుట వచ్చుసరికి ఆ చేతులను ఊరక యుండనిచ్చిరి. చేయి చాచుట యంత్రమునకు కనిపెట్టరాని కష్టమైన కదలికయా? తోయుటను కనిపెట్టునది దానినెందుకు కనిపెట్టదు?

కూలిపని చేసికొను యింటికి ఈ యంత్రపు వెల అందునది కాదు. బంధువుల యింట పిల్లవాడు ఆడుచుండగా మీకు చూడ తటస్థించినయెడల, వానిని కసరక ప్రక్కన కూర్చుండుడి. ఆ వెజీటా కథ చెప్పుమని అడుగుడి. మనకంటె వానికే బాగుగా తెలిసియుండును. పోరు ముగియగానే తెరమీద యేమి వచ్చునో కూడ చూడుడి. ఓడినవాడు కానరాడు. గెలిచినవాడు ఒక్కడే రొమ్ము విరుచుకొని నిలుచును. మరల ఆడుదువా అని అక్షరములు వెలుగును.