అరలో మిగిలిన టేపు

1975 అక్టోబరు 5, ఆదివారం. ఇంగ్లాండులోని రాచ్‌డేల్ పట్టణంలో పదకొండేళ్ల లెస్లీ మోల్సీడ్‌ను అమ్మ బ్రెడ్డు తెమ్మని కొట్టుకు పంపింది. పుట్టుకతోనే గుండెజబ్బు ఉన్న పిల్ల. వయసుకు తగ్గ ఎదుగుదల లేక పీలగా ఉండేది. వెళ్లిన పిల్ల తిరిగి రాలేదు. మూడు రోజుల తర్వాత, ఊరికి దూరంగా రిష్‌వర్త్ మూర్ అనే బీడుకొండ మీద, రోడ్డు పక్క గట్టుపైన శవం దొరికింది. ఒంటి మీద పన్నెండు కత్తిపోట్లు. లోదుస్తుల మీద వీర్యపు మరకలు.

హంతకుడికి శిక్ష పడింది 2007 నవంబరు 12న. ముప్ఫై రెండేళ్లు పట్టింది. ఆ పిల్లతో కలిసి బడికెళ్లిన వాళ్లకు అప్పటికి నలభై దాటాయి. ఇలాంటి వార్త చదివినప్పుడల్లా మన కళ్లు దర్యాప్తు అధికారి కోసం, అతని బుర్రలో మెరిసిన ఆలోచన కోసం వెతుకుతాయి. సినిమాలు అలా అలవాటు చేశాయి. లెస్లీ కేసులో వెతకవలసిన చోటు వేరే ఉంది: ప్రయోగశాలలో ఒక అర, ఆ అరలో ఎవరో పారేయకుండా ఉంచిన జిగురు టేపు ముక్కలు.

బట్టలకు అంటుకున్న సన్నటి పోగులు తీయడానికి ఫోరెన్సిక్ సిబ్బంది జిగురు టేపు అద్ది లాగుతారు. చేత్తో ఏరలేనివి, కంటికి ఆననివి టేపుకు అంటుకుని వస్తాయి. దాన్ని పలకకు అతికించి, తేదీ, కేసు నంబరు రాసి దాస్తారు. 1975లో ఆ పని చేసినవాళ్లు వెతికింది దారపు పోగుల కోసం. డీఎన్‌ఏతో మనిషిని పోల్చవచ్చన్న ఊహ అప్పటికి లోకంలో లేదు. లీస్టర్ యూనివర్సిటీలో అలెక్ జెఫ్రీస్ ఆ సంగతి కనిపెట్టింది 1984 సెప్టెంబరులో. లెస్లీ బట్టలను ధ్వంసం చేసింది 1985లో. లోకానికి కొత్త తాళంచెవి దొరికిన మరుసటి ఏడాదే పెట్టెను తగలేసినట్టయింది. టేపులు మాత్రం మిగిలాయి. పోగుల కోసం అద్దిన ఆ టేపుల నుంచే 1999లో ఒక మగవాడి డీఎన్‌ఏ ప్రొఫైల్ తీయగలిగారు. అంత తక్కువ పదార్థాన్ని ప్రయోగశాలలో లక్షల రెట్లు పెంచి చదివే పద్ధతి ఆ మధ్యకాలంలో వచ్చింది కాబట్టే అది సాధ్యమైంది.

పాత కేసు తేల్చే విద్యలో భద్రపరచడం మొదటి సగం. రెండో సగం, అప్పటికే ముగిసిందనుకున్న ఫైలును ముగిసిందని నమ్మకుండా చదవడం. లెస్లీ కేసులో ఈ రెండో సగం లేకపోవడం వల్ల ఒక మనిషి బతుకు పోయింది.

అతని పేరు స్టెఫాన్ కిస్కో. ఇరవై మూడేళ్లు. పన్నుల కార్యాలయంలో గుమాస్తా. తండ్రి అప్పటికే పోయాడు, తల్లే లోకం. భారీ మనిషి, నలుగురిలో కలవడు. రోడ్డు మీద తనను విసిగించిన కార్ల నంబర్లు రాసిపెట్టుకునే అలవాటుంది. ముగ్గురు బడిపిల్లలు అతను తమ ముందు అసభ్యంగా ప్రవర్తించాడని చెప్పడంతో పోలీసుల చూపు అతని మీద పడింది. 1975 డిసెంబరు 21న తీసుకెళ్లారు. లాయరు లేడు. తల్లిని పక్కన ఉండనివ్వలేదు. మూడో రోజు నేరం ఒప్పుకున్నాడు. వాళ్లకు కావలసింది చెప్పేస్తే ఇంటికి పంపేస్తారని, తర్వాత విచారణలో అబద్ధమని వాళ్లకే తెలుస్తుందని అనుకున్నాడట. లాయరు రాగానే ఒప్పుకోలు వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి ఆలస్యమైంది.

మన దగ్గర పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్ ఆ మాట చెప్పింది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం రాసిన ఆంగ్లేయులు తమ దేశంలో మాత్రం ఆ రక్షణ పెట్టుకోలేదు. కిస్కో కాగితం మీద పెట్టిన సంతకం 1976 జూలైలో లీడ్స్ క్రౌన్ కోర్టులో జ్యూరీ ముందుకు వెళ్లింది. పది మంది దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. యావజ్జీవం పడింది.

ఇక్కడే ఈ కాలమ్ రాస్తున్న వ్యక్తికి నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటుంది. కిస్కో శరీరంలో వీర్యకణాలు తయారుకావు. హార్మోన్ లోపంతో పుట్టిన మనిషి. పోలీసులు అతని నుంచి తీసుకున్న నమూనాలో ఒక్క వీర్యకణం లేదు. లెస్లీ దుస్తుల మీది మరకలో ఉన్నాయి. ఈ రెండు ఫలితాలూ 1976 విచారణకు ముందే ప్రయోగశాల కాగితాల్లో ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే కేసు అక్కడే ఆగిపోయేది. డిఫెన్సుకు ఆ సంగతి చేరలేదు. విచారణ మొదలైన రోజు ఉదయం వేల పేజీల కాగితాలు లాయర్ల ముందు పడేశారు. వాళ్లు వాయిదా అడగలేదు. హత్యకు కొన్ని నెలల ముందే కిస్కో కాలి చీలమండ విరిగింది, ఆ బరువుతో ఆ గట్టు ఎక్కడం కష్టమన్న మాట కూడా ఎవరూ గట్టిగా పట్టుకోలేదు. హత్య జరిగిన మధ్యాహ్నం అతను పినతల్లి వరస ఆవిడతో కలిసి తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. దానికీ విలువ దక్కలేదు.

అప్పుడు కిస్కో తరఫున వాదించిన డేవిడ్ వాడింగ్‌టన్ తర్వాత బ్రిటన్ హోం మంత్రి అయ్యారు. ప్రాసిక్యూషన్ తరఫున వాదించిన పీటర్ టేలర్ లార్డ్ చీఫ్ జస్టిస్ అయ్యారు. తెలివితేటలకు కొదవ లేని గదిలోనే ఆ తప్పు జరిగింది.

పదహారేళ్లు. పసిపిల్లను చంపినవాడని జైల్లో తోటి ఖైదీలు కొట్టారు. మనసు చెదిరి స్కిజోఫ్రీనియాలోకి వెళ్లాడు. నేరం ఒప్పుకుంటే పెరోల్ సంగతి చూస్తామన్నారు. చెయ్యని నేరం రెండోసారి ఒప్పుకోనని కూర్చున్నాడు. తల్లి షార్లెట్ ఎక్కని గడప లేదు. క్యాంప్‌బెల్ మలోన్ అనే సొలిసిటర్ ఆ ఫైలు చేతికి తీసుకోవడం, 1991లో డిటెక్టివ్ సూపరింటెండెంట్ ట్రెవర్ విల్కిన్సన్ మళ్లీ దర్యాప్తు చేపట్టడంతో కథ తిరిగింది. వీళ్లు చేసిన పనిలో గారడీ ఏమీ లేదు. కాగితం మొదటి పేజీ నుంచి చదివారు. వైద్య నివేదికలు పక్కపక్కన పెట్టారు. ఆ ముగ్గురు ఆడపిల్లలను, అప్పటికి పెద్దవాళ్లయిన వాళ్లను, మళ్లీ కలిసి అడిగారు. అప్పుడు చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నారు. 1992 ఫిబ్రవరి 18న అప్పీలు కోర్టు కిస్కోను నిర్దోషి అన్నది. 1993 డిసెంబరు 23న గుండె ఆగి చనిపోయాడు. నలభై ఒక్క ఏళ్లు. తల్లి కొద్ది నెలలకే పోయింది. ప్రయోగశాల ఫలితాలను దాచారని ఒక పోలీసు అధికారి మీద, ఒక ఫోరెన్సిక్ శాస్త్రవేత్త మీద 1994లో అభియోగం మోపారు. చాలా కాలం గడిచిపోయిందన్న కారణంతో మరుసటి ఏడాది మేజిస్ట్రేటు ఆ కేసును నిలిపేశారు.

మరి అసలు హంతకుడు? అదే ప్రాంతంలో టాక్సీ నడుపుకుంటున్నాడు. పేరు రోనాల్డ్ కాస్ట్రీ. 1976లో రాచ్‌డేల్‌లోనే తొమ్మిదేళ్ల పిల్లను ఎత్తుకుపోయి అసభ్యంగా ప్రవర్తించాడు. కోర్టు 25 పౌండ్ల జరిమానా వేసింది. అదే ఊరు, దాదాపు అదే వయసు పిల్ల, అదే తరహా నేరం. అయినా ఎవరూ ఈ రెంటినీ కలిపి చూడలేదు, ఎందుకంటే లెస్లీ కేసులో ముద్దాయి దొరికేశాడు. నిరపరాధికి శిక్ష పడితే ఆ ఒక్క మనిషికే అన్యాయమనుకుంటాం. ఊళ్లో మిగతా పిల్లలందరికీ కాపలా తీసేసినట్టు కూడా.

1999 తర్వాత పోలీసుల చేతిలో డీఎన్‌ఏ ఉంది, మనిషి లేడు. బ్రిటన్ జాతీయ డీఎన్‌ఏ డేటాబేస్ 1995లో మొదలైంది. అందులో కాస్ట్రీ లేడు. 2005 అక్టోబరులో వేరే ఫిర్యాదు మీద అతన్ని అరెస్టు చేసి నోటి లోపలి నుంచి నమూనా తీశారు. ఆ ఫిర్యాదు కేసుదాకా రాలేదు. నమూనా మాత్రం డేటాబేస్‌లో చేరింది, టేపు మీది ప్రొఫైల్‌తో సరిపోయింది. 2006 నవంబరులో పట్టుకున్నారు. బ్రాడ్‌ఫర్డ్ క్రౌన్ కోర్టు యావజ్జీవం వేసి, కనీసం ముప్ఫై ఏళ్లు లోపలే ఉండాలన్నది.

ఇక్కడ ఒక ముడి ఉంది, దాటేసి పోలేం. ఛార్జి కూడా పెట్టని మనిషి నమూనాను ప్రభుత్వం దాచుకోవడం వల్లే ఈ కేసు తేలింది. అలా అందరివీ కలకాలం దాచుకోవడం వ్యక్తిగత గోప్యతకు భంగమని 2008లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పిచ్చింది, 2012లో బ్రిటన్ చట్టం మార్చుకుంది. ఆ తీర్పు సరైనదే. చేతిలో డేటా ఉన్న ప్రభుత్వం రేపు దాన్ని దేనికి వాడుతుందో పూచీ ఎవరిస్తారు? అయితే మనుషుల నమూనాలు వేరు, నేరస్థలంలో దొరికిన నమూనాలు వేరు. మొదటివాటికి గడువు పెట్టాలి. రెండోవాటికి గడువు ఉండకూడదు. మన చర్చల్లో ఈ తేడా తరచూ చెరిగిపోతోంది. పార్లమెంటు ముందున్న డీఎన్‌ఏ నియంత్రణ బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. బిల్లుతో పాటు, నేరస్థలపు నమూనాలను ఎన్నేళ్లు ఎలా ఉంచాలన్న చర్చ కూడా అటకెక్కింది.

కెనడాలోనూ ఇదే కథ జరిగింది. 1984లో ఒంటారియోలోని క్వీన్స్‌విల్‌లో తొమ్మిదేళ్ల క్రిస్టీన్ జెస్సప్ హత్యకు గురైంది. పక్కింటి యువకుడు గై పాల్ మోరిన్‌కు 1992లో శిక్ష పడింది. 1995లో డీఎన్‌ఏ అతన్ని విడిపించింది. అదే నమూనా ఆధారంగా, వంశవృక్షాలు కూర్చి వెతికే పద్ధతిలో, 2020లో టొరంటో పోలీసులు హంతకుడి పేరు చెప్పారు. అతను 2015లోనే చనిపోయాడు. అమెరికాలోని ఫోర్ట్ వేన్‌లో 1988లో ఎనిమిదేళ్ల ఏప్రిల్ టిన్స్‌లీని చంపినవాడు కూడా ఈ పద్ధతిలోనే 2018లో దొరికాడు. ఏ కేసు చూసినా నమూనాను పారేయకుండా దాచి ఉంచారు. శాస్త్రమే తర్వాత వచ్చి దాన్ని అందుకుంది.

శాస్త్రం విషయంలో మనం వెనకబడి లేం. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ 1980ల చివర్లోనే దేశీయ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని నిలబెట్టారు. డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ అదే ఊళ్లో ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేళ్లు అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలంటోంది. క్లూస్ టీమ్ రావడం, ఫొటోలు తీయడం, సీలు వేయడం అందరికీ తెలిసిన దృశ్యమే. సీలు వేసిన తర్వాత ఆ కవరు ఎక్కడుంటుంది, ఎండాకాలం దాన్ని ఎలా దాటుతుంది, పదేళ్ల తర్వాత అడిగితే ఎవరు తీసిస్తారు? చాలా స్టేషన్లలో ప్రాపర్టీ గది అంటే తుప్పు పట్టిన బైకుల పక్కన మూటలు పడేసే చోటు.

దీనికి మనం కట్టిన ధర తెలుగువాళ్లకు గుర్తు చేయనక్కర్లేదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ చదువుకుంటున్న అమ్మాయి హత్యకు గురైంది.  ఒక యువకుడికి 2010లో యావజ్జీవం పడింది. 2017లో హైకోర్టు అతను నిర్దోషి అని విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. కేసు మళ్లీ తెరిచి చూస్తే, విజయవాడ కోర్టులో ఉండవలసిన భౌతిక సాక్ష్యాలు ధ్వంసమైపోయాయని తేలింది. దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి ఎముకలకు మళ్లీ పరీక్ష చేయవలసి వచ్చింది. కన్నవాళ్లు ఆ రోజును కూడా చూశారు. రాచ్‌డేల్‌లో బట్టలు పోయినా టేపు మిగిలింది. ఇక్కడ ఆ పాటి అదృష్టం కూడా లేకపోయింది.

రెండు తెలుగు రాష్ట్రాల హైకోర్టులు, డీజీపీ కార్యాలయాలు తలచుకుంటే రేపే మొదలుపెట్టగల పని ఒకటుంది. తేలని ప్రతి పిల్ల హత్య కేసుకూ, పైకోర్టులో శిక్ష రద్దయిన ప్రతి కేసుకూ జిల్లాల వారీగా జాబితా రాయాలి: ఏ నమూనాలు తీశారు, ఏవి మిగిలాయి, ఇప్పుడు ఎవరి అధీనంలో ఉన్నాయి. హైకోర్టు రాతపూర్వక అనుమతి లేకుండా వాటిలో ఏదీ ధ్వంసం చేయరాదని ఉత్తర్వు ఇవ్వాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. లాయర్లు, విలేకరులు, ఆ పిల్లల తల్లిదండ్రులు సమాచార హక్కు చట్టం కింద ఈ జాబితాను అడగండి. జవాబు రాకపోతే అప్పీలు చేయండి, మళ్లీ అడగండి.