ఒక గింజ, రెండు తోటలు: అక్లూజ్, బోజొలే

సోలాపూర్ చద్దర్ మీద పువ్వు లేపే జకార్డు పుట్టిల్లు ఫ్రాన్సులోని లియోన్. చిల్లుల అట్టలతో పడుగు దారాలను ఎత్తించే ఆ పనిముట్టును 1804 ప్రాంతంలో జోసెఫ్ మారీ జకార్డ్ అక్కడే తయారు చేశాడు. సోలాపూర్ దాజీ పేట్‌లోని పద్మశాలీ నేతగాళ్లకు లియోన్ అలా ఏనాటినుంచో చుట్టం. ఆ ఊరు దాటి ఉత్తరానికి వెళితే బోజొలే ద్రాక్షసీమ. ఇటు మన సోలాపూర్ జిల్లాలోనే, మాళశిరస్ తాలూకాలో అక్లూజ్ దగ్గర మోటేవాడిలో ఫ్రాటెల్లీ వైనరీ. పర్యాటక ప్రకటనల్లో రెండూ కవలల్లా కనిపిస్తాయి: పచ్చటి వరసలు, గాజు గ్లాసు, వాలే పొద్దు. దగ్గరికి వెళితే పోలిక అక్కడితో సరి.

ముందుగా కాలం సంగతి. బోజొలేలో తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. కోత ఆగస్టు చివర మొదలై సెప్టెంబరులో ముగుస్తుంది. ఆ రోజుల్లో రైతుకు ఊపిరి సలపదు, అతిథిని పలకరించే తీరిక ఎక్కడిది? అక్లూజ్ ఎండలో తీగకు నిద్రే లేదు. ఏప్రిల్‌లో ఒక ఛాటణీ (తీగ కత్తిరింపు), వానలు వెనకపట్టాక మరొకటి. పంట మాత్రం ఒక్కటే, జనవరి చివర నుంచి మార్చి దాకా. సోలాపూర్ వాళ్లకు ద్రాక్ష కొత్త కాదు. సోనాకా రకాన్ని వెలికి తెచ్చిన నానాసాహెబ్ కాళేది పక్కనున్న నాన్నజే. ఆ పొడుగాటి, గింజలేని కాయకు అలవాటుపడ్డ కంటికి వైన్ ద్రాక్ష పంట చెడినట్టు కనిపిస్తుంది: చిన్న కాయ, మందపు తొక్క, లోపల గింజ. రంగు, వగరు ఆ తొక్కలోంచీ గింజలోంచీ వస్తాయని గుత్తి చేతబట్టుకుంటే తెలుస్తుంది. తీగ గురించి నేర్చుకోవడానికి ఫిబ్రవరిలో అక్లూజ్‌ను మించిన బడి మనకు దగ్గరలో లేదు.

రుచి దగ్గరికి వస్తే త్రాసు బోజొలే వైపు మొగ్గుతుంది. బోజొలే ఎర్ర వైన్ దాదాపు అంతా గామే అనే ఒకే ద్రాక్షది. 1395లో బుర్గుండీ ప్రభువు ఫిలిప్ ఈ తీగను నీచమైనదని తిట్టి, పీకేయమని ఆజ్ఞ వేశాడు. బుర్గుండీకి దక్షిణాన, బోజొలే గ్రానైట్ గుట్టల మీద అదే తీగ పేరు తెచ్చుకుంది. అక్కడ క్రూ అని పిలిచే పది పల్లెసీమలున్నాయి. ఫ్లూరీది గులాబీ రంగు గ్రానైట్, మోర్గాన్‌ది పొడిపొడిగా రాలే పలకరాయి. ఫ్లూరీ వైన్ పలచగా, పూలవాసనతో ఉంటుంది. మోర్గాన్ కాస్త బరువు, ఏళ్లు నిలుస్తుంది. ఒకే నూలును ఇద్దరు నేతగాళ్లకిస్తే బట్ట పట్టుకోగానే ఎవరిదో మనవాళ్లు చెప్పేస్తారు కదా, ఇదీ అంతే. పొద్దున ఒక పల్లె, మధ్యాహ్నం మరో పల్లె తిరిగితే నేల అంటే ఏమిటో నాలుకకు తెలుస్తుంది.

అక్లూజ్‌లో ఈ పాఠం దొరకదు. మొక్కలు ఫ్రాన్స్ నుంచి తెచ్చారు, వైన్ తీర్చింది ఇటలీలోని టస్కనీకి చెందిన పియెరో మాసి. సాంజొవేజే, కాబెర్నే సొవీన్యొఁ కలిపిన వాళ్ల ‘సెట్టే’ గట్టి సరుకే. కానీ అక్కడ రుచి చూసేవన్నీ ఒకే ఇంటి సీసాలు. ద్రాక్షకూ ద్రాక్షకూ తేడా తెలుస్తుంది, నేలకూ నేలకూ తేడా తెలియదు. మంచిచెడ్డలు ఎంచడానికి పక్క తోటంటూ లేదు. అది ఆ కంపెనీ తప్పు కాదు, ఒంటరి తోటకు ఉండే లోటు.

ఏర్పాట్లలో అక్లూజ్‌దే సుఖం. సోలాపూర్ నుంచి పండరిపురం మీదుగా వంద కిలోమీటర్ల పైచిలుకు. ముందే మాట్లాడుకుంటే తోట, భోజనం, బస ఒకచోటే. బోజొలేలో చాలాచోట్ల గ్లాసులో పోసేది రైతే, కాబట్టి ముందుగా ఫోన్ చేయాలి. పన్నెండు నుంచి రెండు దాకా భోజనవేళ, తలుపు తట్టకూడదు. ఆదివారం నమ్ముకోవద్దు. పొద్దున రెండు నేలమాళిగలు, తర్వాత ఒకటి చాలు. నాలుగోదానికి నాలుక మొద్దుబారుతుంది. పుక్కిలించి ఉమ్మేయడం అక్కడ మర్యాదే, మనవాళ్లు సిగ్గుపడి మింగేస్తారు. వెళ్లేటప్పుడు ఒకటో రెండో సీసాలు కొనడం మాత్రం మరవకూడదు. లియోన్ నుంచి బెల్విల్ దాకా రైలుంది, ఆపైన పల్లెలకు కారు కావాలి. నడిపేవాడు తాగకూడదు: అక్కడి హద్దు లీటరు రక్తంలో 0.5 గ్రాములు, మన దేశంలో 0.3. నవంబరు మూడో గురువారం కొత్త వైన్ విడుదలయ్యే సంబరం చూడ్డానికి బాగుంటుంది గానీ, రుచి నేర్చుకోవడానికి పనికిరాదు. అప్పుడు పోసేది కొన్ని వారాల పసి వైన్.

లియోన్‌లో ఒక పూట క్ర్వా-రూస్ గుట్టకు ఇవ్వండి. అది పట్టు నేతగాళ్ల పేట. కూలి రేట్ల కోసం 1831లో తిరగబడ్డవాళ్లది. అక్కడి మెజాన్ దె కానూలో పాత మగ్గాలు ఇప్పటికీ ఆడించి చూపిస్తారు. వైన్ మీద ఆసక్తి లేని అమ్మానాన్నలు వెంట ఉంటే వాళ్లకు ఆ ప్రయాణంలో నచ్చేది అదే కావచ్చు.

నా మట్టుకు వరస ఇది: ముందు ఫిబ్రవరిలో అక్లూజ్, ఖర్చు తక్కువ, తీగ అర్థమవుతుంది. డబ్బు కూడాక మే, జూన్ నెలల్లో బోజొలే. ముందే బోజొలే వెళ్లినవాడు గైడు చెప్పిందల్లా నమ్మి తిరిగొస్తాడు.