పటికయు విభక్తియు

జర్మను భాషలో చేతితొడుగునకు ‘హాండ్‌షూ’ అని పేరు. ‘హాండ్’ అనఁగా చేయి, ‘షూ’ అనఁగా పాదరక్ష. చేతికొఱకైన పాదరక్ష యని విగ్రహవాక్యము చెప్పుకొన్నఁగాని ఆ పదము మనకు బోధపడదు. అయినను ఆ ‘కొఱకు’ అను విభక్తి పదములో నెక్కడను కనఁబడదు. ఇట్టి పదముల తీరు వివరించుటకు ఐరోపా భాషాశాస్త్రజ్ఞులు సైతము మన వ్యాకరణములలోని తత్పురుష, బహువ్రీహి నామములనే స్వీకరించిరి.

బందరువాఁడనైన నాకు ఈ విచారమంతయు ‘కలంకారీ’ దగ్గఱకు వచ్చి నిలుచును. పారసీకమున ‘కలమ్’ లేఖిని, ‘కారీ’ పని. కలముతోఁ జేయు పని యని తృతీయాతత్పురుషము. శ్రీకాళహస్తిలో నేఁటికిని వెదురుకలముతోనే చిత్రింతురు. మన పెడనలోనో, చెక్కిన టేకు అచ్చులతో అద్దుదురు. అంతమాత్రమున పేరు తప్పని నే ననను. 1611లో ఆంగ్లేయులు వర్తకస్థానము నెలకొల్పిన బందరు రేవునుండి కలముతో వ్రాసిన వస్త్రములును ఓడలెక్కి దేశాంతరము లేఁగినవి. చేతిలోని పరికరము మాఱినను పేరు ఆ పూర్వహస్తమును మఱవలేదు.

చిన్ననాఁడు పెడనలోని యొక అద్దకపుశాలలో, కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరవేసిన లేఁబసుపు గుడ్డపై పనివారు పటికద్రావకముతో అచ్చు వేయుచుండఁగా, ఈ వెలవెలబోయిన ముద్రలో నేమి యందమున్నదని నే ననుకొంటిని. పిమ్మట ఆ గుడ్డను రాగికాఁగులో మరిగించఁగా, పటిక సోఁకినంతమేర మాత్రమే ఎఱుపు ప్రజ్వరిల్లెను. ఆ ఎఱుపు పూర్వము చిరివేరునుండి వచ్చెడిది. అందలి అలిజరినును 1868లో గ్రేబె, లీబర్మాన్ అను జర్మను రసాయనవేత్తలు కృత్రిమముగా సృజించిరి, అదియు మన కాఁగులలోనికి వచ్చినది. వేరు మాఱినది గాని పటిక మాఱలేదు.

పటికకుఁ దనదైన రంగు లేదు. నూలును వర్ణమును విడివడకుండఁ బట్టియుంచుటయే దాని ధర్మము. సమాసములో లుప్తమైన విభక్తియు నట్టిదే. పటిక నెఱిఁగి అద్దనివాని రంగు తొలి యుతుకునకే కాలువపాలగును. విభక్తి నెఱిఁగి పలుకనివాని నోట పదము వట్టి ధ్వనియై మిగులును. కావున కలంకారీ వస్త్రమును మీ బిడ్డల భుజములపైఁ గప్పునపుడు ‘కలముతోఁ బని’ యని ఒక్కమాఱు విప్పి చెప్పుఁడు; ఆ ‘తో’ యందే మన అద్దకపువారి చేయి యున్నది.