చిరంజీవులకు కాలయంత్రం ఎందుకు?

‘కల్కి 2898 ఏడీ’లో పాడుబడ్డ గుడి చీకట్లోంచి అశ్వత్థామ లేచి నిలబడతాడు. ఒంటినిండా మాసిన గుడ్డపీలికలు, వాటి సందున రెండు కళ్ళు. కురుక్షేత్రం ముగిసి ఆరువేల ఏళ్ళయింది. అమితాబ్ బచ్చన్ అక్కడ పెద్దగా ఏమీ చేయడు, చూస్తాడంతే. చావు కోసం ఎదురుచూసి చూసి, చివరికి ఆ ఎదురుచూపే బతుకైపోయినవాడి అలసట ఆ చూపులో ఉంది. తెలుగు తెరమీద కాలం ఇంత బరువుగా కనబడటం నేనెరగను.

1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తీసినప్పుడు కాలం దాటడానికి యంత్రం కావలసివచ్చింది. ఒకసారి ఎక్కితే 1526, రాయలవారి కొలువు. ఇంకోసారి ఎక్కితే 2504, జనం నేల కింద దాక్కుని బతికే కాలం. ఎన్నిసార్లు చూసినా తనివి తీరని సినిమా అది. ఆ సింగీతమే నాగ్ అశ్విన్ ‘కల్కి’కి మార్గదర్శిగా నిలిచారు. ఇందులో యంత్రాలకు కొదవలేదు, మాట్లాడే బండి బుజ్జితో సహా. కాలాన్ని దాటించే యంత్రం మాత్రం ఒక్కటీ లేదు. ఆ పని కృష్ణుడి శాపం చేసింది. అశ్వత్థామ ఏ యుగాన్నీ ఎగిరి దాటలేదు, ప్రతి రోజునూ బతికి ఇక్కడికొచ్చాడు. ఒకనాడు ఉత్తర గర్భం మీదికి అస్త్రం వేసినవాడు, ఇప్పుడు కల్కిని మోస్తున్న సుమతి గర్భానికి కాపలా కాయాలి. ఏ పాపానికి శాపం తగిలిందో సరిగ్గా అదే చోట విమోచనం పెట్టారు. ఈ ఒక్క ఊహ కోసం ఆ సినిమాలో సాగదీసిన పోరాటాలన్నీ నేను క్షమిస్తాను.

ఆ కథలో గంగ ఎండిపోయి ఉంటుంది, కాశీ మీద తలకిందులు పిరమిడ్‌లా ‘కాంప్లెక్స్’ అనే నగరం వేలాడుతుంటుంది. మిగతా లోకానికి అది భయపెట్టే భవిష్యత్తు. కడప జిల్లా వేంపల్లెవాళ్ళకు పాపఘ్ని ఇసుక కొత్తేమీ కాదు. వానొస్తే ఏరు, లేకుంటే ఎడారి. ఆ పాపఘ్ని కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. అదే పెన్న దిగువన, నెల్లూరు జిల్లా పెరుమాళ్ళపాడులో, ఇసుకలో కూరుకుపోయిన నాగేశ్వరస్వామి గుడి 2020లో బయటపడింది. ‘కల్కి’ వచ్చాక, సినిమాలోది ఈ గుడేనని జనం అక్కడికి కట్టగట్టుకుని పోయారు.

వేంపల్లెకు దగ్గర్లోనే గండి. శేషాచలం కొండల్ని చీల్చుకుని పాపఘ్ని బయటపడే చోటు. రాముడు బాణం మొనతో బండమీద ఆంజనేయుణ్ణి గీశాడనీ, చిటికెన వేలు ఒక్కటి పూర్తికాలేదనీ, తర్వాత శిల్పి ఉలి పెడితే ఆ వేలినుంచి నెత్తురు కారిందనీ కథ. శ్రావణ శనివారాల్లో అక్కడ కాలు పెట్టే సందుండదు. పక్కనే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ. కోడింగ్ నేర్చుకునే పిల్లలకూ రాతిలో నెత్తురుందని నమ్మే అవ్వలకూ ఒకటే కొండగాలి.

2024 జనవరిలో ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’ వచ్చినప్పుడు నాకు ఆ వేలే గుర్తొచ్చింది. సినిమాలో హనుమంతుడి నెత్తుటి బొట్టు సముద్రంలో పడి రుధిరమణి అవుతుంది. సూర్యకాంతి తగిలితేనే దాని శక్తి లేస్తుంది, పొద్దుగూకితే అది దొరికిన పిల్లవాడు మళ్ళీ మామూలు పిల్లవాడే. సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిన బాలుడి నెత్తురు, సూర్యుడు పలకరిస్తేనే పలుకుతుంది! ఎంత ముచ్చటైన కల్పన. యంత్రాల కవచం తొడుక్కున్న ప్రతినాయకుడు దానిముందు వెలవెలబోయాడంటే వింతేముంది? అశ్వత్థామకు చిరంజీవిత్వం శిక్ష, హనుమకు వరం. ఒకే ఏడాది తెలుగు సినిమా ఆ రెండింటినీ చూపించింది.

ఈ కథలన్నిటా ఉన్న అద్భుతరసానికి నాట్యశాస్త్రంలో భరతుడు పసుపు రంగు చెప్పాడు. గండిలో ఆ రంగు కూడా ఉంది. రాముడి రాక కోసం వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడంటారు. అది పుణ్యాత్ములకే, అదీ చావు దగ్గరపడ్డప్పుడే కనబడుతుందట. సీడెడ్ జిల్లాల మొదటి కలెక్టరుగా మనవాళ్ళ మన్నన పొంది, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో ఈ దారిన పోతూ తలెత్తి, ఆ తోరణం ఏమిటని అడిగాడట. వెంట ఉన్నవాళ్ళకు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో ఆయన కన్నుమూశాడు.

ఈ కథ ఇంకా ఎవరూ తీయలేదెందుకో. నాగ్ అశ్విన్ తీసినా ప్రశాంత్ వర్మ తీసినా నాది ఒకటే విన్నపం: గ్రాఫిక్స్‌తో తోరణం కట్టొద్దు. కెమెరాను మన్రో ముఖం మీదే ఉంచండి.