గోదావరి బురదకు రెండు వ్యాఖ్యానాలు

పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలకు గోదావరే హద్దు. ఎడమగట్టున కడెం, ప్రాణహిత, కుడిగట్టున మానేరు కలుపుకొని నది మోసుకుపోయే మన్ను చివరికి బంగాళాఖాతం అడుగున పేరుకుంటుంది. 2006లో గ్యాస్ హైడ్రేట్ల కోసం మన దేశం చేయించిన తవ్వకాల్లో, నదీముఖానికి ఎదురుగా, వెయ్యి మీటర్లకు మించిన లోతు నుంచి ఆ బురద పొడవాటి స్తంభంగా పైకొచ్చింది. దాదాపు పదకొండు వేల ఏళ్ల వానల జాడ అందులో ఉంది. దాన్ని 2012లో కామిలో పొంటన్ బృందం ఒక తీరుగా చదివింది, 2015లో కొరాలీ జోర్జి బృందం మరో తీరుగా చదివింది. ఈ రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకటి గట్టిగా చెప్పిన చోటే రెండోది సందేహం పుట్టిస్తుంది.

పొంటన్ బృందం నమ్ముకున్నది ఆకుల మీది మైనాన్ని. చెట్టు కుళ్లిపోయినా ఆ మైనం బురదలో వేల ఏళ్లు నిలుస్తుంది. ఎండను తట్టుకునే గడ్డిజాతుల మైనంలో కార్బన్ ఐసోటోపుల పాళ్లు ఒక రకంగా ఉంటాయి, టేకు లాంటి అడవిచెట్ల మైనంలో మరో రకంగా ఉంటాయి. ఆ పాళ్లను బట్టి వాళ్లు తేల్చింది ఇది: నాలుగు వేల ఏళ్ల కిందటి నుంచి పరీవాహకంలో పొడినేల మొక్కలు క్రమంగా పెరిగాయి. 1,700 ఏళ్ల కిందటికి ఆ మార్పు స్థిరపడింది, మళ్లీ వెనక్కి తిరగలేదు. నాసిక్ నుంచి కాళేశ్వరం దాటి దిగువ దాకా మొత్తం పరీవాహకాన్ని ఒకే కొలతలోకి తేవడం ఈ పద్ధతి బలం.

దాని బలహీనత మన చేలలోనే ఉంది. జొన్న, సజ్జ కూడా ఎండను తట్టుకునే గడ్డిజాతులే. వాన తగ్గి గడ్డి పెరిగిందా, అడవి కొట్టి జొన్న వేశారా అన్నది మైనం ఒక్కటే చెప్పలేదు. అదే బురద మీద లివియు గియోసాన్ తదితరులు 2017లో ప్రచురించిన పని ఈ ముడిని కొంత విప్పింది. ముందు రుతుపవనాలు సన్నగిల్లి నేల కోత పెరిగింది, తర్వాత దక్కన్ మీద విస్తరించిన సేద్యం దాన్ని ఇంకా పెంచిందని వాళ్ల మాట. కానీ నదిలో కొట్టుకొచ్చే కార్బన్ వయసు కూడా పెరుగుతూ వచ్చిందని వాళ్లే చూపారు. అంటే ఆ బురదలోని మైనంలో కొంత అంతకు ముందు కాలాల నేలలోంచి వచ్చి ఉండొచ్చు. పొంటన్ గీసిన గీతను ఏళ్ల లెక్కన మరీ పట్టుగా చదవకూడదు.

జోర్జి బృందానిది పుప్పొడి పద్ధతి. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన కె. అనుపమ ఇందులో భాగస్వామి. పుప్పొడి మొక్కల్ని జాతుల వారీగా, కుటుంబాల వారీగా పోల్చి చూపగలదు, మైనానికి ఆ శక్తి లేదు. అయితే సముద్రంలోకి పుప్పొడిని ఎక్కువగా రాల్చేవి దగ్గరున్న చెట్లే. 11,300 నుంచి 4,200 ఏళ్ల కిందటి దాకా వానలు దండిగా కురిశాయనడానికి వీళ్లు చూపే సాక్ష్యం మడ అడవులు, తీరపు అడవులు. తీరానికి దూరంగా ఆదిలాబాద్‌లో ఉన్న ఉట్నూరు, ఇంద్రవెల్లి గుట్టల గొంతు ఈ సాక్ష్యంలో సన్నగానే వినిపిస్తుంది.

అయినా మంచుయుగం సంగతికొస్తే జోర్జి పనే ముందుంటుంది. ఇరవై నాలుగు, ఇరవై ఐదు వేల ఏళ్ల కిందట ఉత్తర అమెరికా మంచు పలకలు విరిగి అట్లాంటిక్‌లోకి కొట్టుకొచ్చాయి. ఇలాంటి ఘట్టాలను 1988లో గుర్తించిన జర్మన్ శాస్త్రవేత్త హార్ట్‌ముట్ హైన్రిష్ పేరుతో వీటిని పిలుస్తారు, ఇది రెండోది. మంచు కరిగి వచ్చిన మంచినీరు ఉప్పునీటి మీద పరుచుకొని, వేడిని ఉత్తరానికి చేర్చే ప్రవాహాన్ని నీరసింపజేసింది. ఉత్తరార్ధం చల్లబడింది, ఉష్ణమండలపు వానపట్టీ దక్షిణానికి జరిగింది. ఆ కాలపు పుప్పొడిలో గడ్డిమైదానాలు, మెట్ట మొక్కలే ఎక్కువ. అంతకు ముందరి, దాదాపు డెబ్బై వేల ఏళ్ల నాటి మంచు విస్తరణలో ఎండ తగ్గినా అట్లాంటిక్‌లోకి చేరిన మంచినీరు అంత ఎక్కువ కాదు, ఇక్కడి కరువూ అంత తీవ్రం కాదు. నాకు ఈ పోలికే ఆ వ్యాసం మొత్తంలో విలువైన భాగంగా తోస్తుంది. సూర్యుడి ఎండ దీర్ఘకాలపు ధోరణిని నిర్ణయిస్తే, దూరపు సముద్రం నడుమనడుమ దెబ్బ కొడుతుందని అది చూపుతుంది. ఒక్క మెలిక: ఈ మంచుకాలపు సాక్ష్యం గోదావరిది కాదు, పక్కనున్న మహానది ముందరి బురదది. రెండు పరీవాహకాలూ రుతుపవనాల కేంద్ర ప్రాంతంలోవే కనుక ఆదిలాబాద్‌కు అన్వయించుకోవచ్చు, అదీ జాగ్రత్తగా.

దగ్గరి కాలానికి వచ్చేసరికి ఇద్దరూ విడిపోతారు. 1,700 ఏళ్లుగా ఒడుదొడుకులు పెరిగిన వాతావరణమే దక్షిణాదిలో నీటిని నిలవ చేసే కట్టడాలు వేగంగా విస్తరించడానికి దారితీసి ఉండొచ్చని పొంటన్ బృందం ఊహ. మన చెరువుల మీద మక్కువ ఉన్నవారికి అది వెంటనే నచ్చుతుంది. అందుకే నిదానించాలి. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులో బయటపడ్డ ఇటుక బావులు శాతవాహనుల నాటివి, ఆ 1,700 ఏళ్ల గీతకు ముందువి. కాకతీయుల పాకాల, రామప్ప చెరువులేమో పదమూడో శతాబ్దం ఆరంభానివి. జోర్జి లెక్కలో ఆ మధ్యయుగపు దశ రుతుపవనాలు బలంగా ఉన్నది, బలహీనపడింది ఆ తర్వాతి చిన్న మంచుయుగంలో. నింపడానికి వరద ఉన్నప్పుడు, కట్ట పోయించడానికి రాజ్యం ఉన్నప్పుడు పెద్ద చెరువులు వెలిశాయనుకోవడానికే ఈ సాక్ష్యం ఎక్కువ అనుకూలంగా ఉంది.