రెండో వరుస

కాశీబుగ్గలో మా మేడమీది గదిలో రాత్రి ఏడింటికి నా డ్యూటీ మొదలవుతుంది. అమెరికాలో బ్యాంకు తలుపులు తీసేవేళకు మా బజారులో షట్టర్లు దిగిపోతుంటాయి. ఆ తర్వాత పలాస స్టేషన్ వైపు నుంచి రైలు కూతలు, కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కీచుమనడం తప్ప చప్పుడుండదు. మొన్నో రాత్రి మా పిన్ని మంచినీళ్లకు లేచి గుమ్మంలో నిలబడింది.

"ఏటిరా, రేత్రంతా ఆ పెట్టికాసి సూస్తూ కూకుంటావు? అందులో ఏటుందేటి?"

"కాపలా పిన్నీ. బ్యాంకు లెక్కలకి."

"దొంగలొస్తారేటి?"

సమాధానం తట్టలేదు. పాతికేళ్లలో బయటి దొంగ వచ్చిన రాత్రి నేను ఒక్కటీ చూడలేదు. తప్పు చేస్తూ పట్టుబడినవాళ్లంతా ఇంట్లోవాళ్లే. వాళ్లలో నేనూ ఉన్నాను.

మెయిన్‌ఫ్రేమ్ అనగానే మ్యూజియంలో వస్తువేమో అనుకుంటారు. ఐబీఎం 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360ని ప్రకటించింది. ఆ వంశం ఇంకా బతికే ఉంది, పెద్దపెద్ద బ్యాంకుల ఖాతాలను మోస్తూనే ఉంది. దానికి తలుపు కాసే సాఫ్ట్‌వేర్ ర్యాక్ఎఫ్ 1976లో వచ్చింది. నేను కాసే డేటాబేస్ డీబీ2 1983లో. వై2కే రోజుల్లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఎక్కడ చూసినా కోబాల్, జేసీఎల్, డీబీ2 బోర్డులే. ఉద్దానం నుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక సంచి జీడిపప్పుతో అక్కడ దిగినవాళ్లలో నేనొకణ్ణి. మొదటి వారంలోనే డేటా చదివే సెలెక్ట్ రాయడం నేర్పారు. ఎవరు ఏది చూడొచ్చో, ఎవరు చూడకూడదో మాత్రం కోర్సు అయిపోయేదాకా ఒక్కరూ ఎత్తలేదు.

అది ఉద్యోగంలో నేర్చుకున్నాను, కొంత ఆలస్యంగా. డీబీ2 లోపల ఎవరికి ఏ టేబుల్ మీద హక్కుందో జాగ్రత్తగా రాసుకుంటాం. కానీ ఆ టేబుల్ చివరికి డిస్కు మీద ఒక డేటాసెట్టే. డీఎస్ఎన్1ప్రింట్ అని ఒక యుటిలిటీ ఉంది. అది డీబీ2ని పలకరించకుండానే ఆ డేటాసెట్టును తెరిచి పేజీలు అచ్చు వేసి ఇస్తుంది. దాన్ని ఆపాలంటే కింద ర్యాక్ఎఫ్ గట్టిగా ఉండాలి, లేదా డేటాసెట్టే ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి. ఇక బ్యాకప్ కాపీలు, టెస్టింగ్ కోసమని తీసుకెళ్లిన నకళ్లు వేరు. గోదాముకు మూడు తాళాలు వేసి పెరట్లో బస్తాలు వదిలేసిన ఇళ్లను చాలా చూశాను.

తాళాల సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. చూడ్డం మాత్రం మా పిన్ని పని లాంటిది. ఆవిడ ముప్ఫై ఏళ్లు పలాస జీడి ఫ్యాక్టరీల్లో పొట్టు తీసింది, తర్వాత గ్రేడింగులో కూర్చుంది. 80 కిలోల పిక్కల బస్తాకు పప్పు ఇరవై కిలోలకు అటూ ఇటూగా దిగాలి. అంతకు బాగా తగ్గిందంటే పిక్క తడిసిందో, బద్దలెక్కువయ్యాయో, ఎవరి కొంగులోకైనా వెళ్లిందో. డబ్ల్యూ-320 రకం అంటే పౌనుకు మూడొందల నుంచి మూడొందల ఇరవై పప్పులు. ఆ గుట్టలో ఒక 240 పడితే పిన్ని కళ్లతో చూడక్కర్లేదు, వేళ్లకే తెలిసిపోతుంది. వేల కిలోల 320ని ముట్టుకున్న చెయ్యి అది.

నా చెయ్యీ అలాగే అలవాటు పడాలి. యంత్రం తన పనంతా ఎస్ఎంఎఫ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. ఎనభయ్యో నంబరు రికార్డులు ర్యాక్ఎఫ్‌వి. నూటొకటి డీబీ2 వాడిన సమయం లెక్క. నూటరెండులో ట్రేసులు, ఆడిట్ సంగతులు. నెలాఖరు రాత్రి ఒక ప్రోగ్రాము లక్షల వరుసలు చదివితే నేను టీ తాగుతూ కూర్చుంటాను, అది వడ్డీ లెక్క. అదే ప్రోగ్రాము పన్నెండో తేదీ మధ్యాహ్నం ముప్ఫై వరుసలు చదివిందంటే లేచి నిలబడతాను. ఈ తేడా చెప్పే సాధనాలు ఇప్పుడు బోలెడున్నాయి. కొనుక్కోవచ్చు, కొంటున్నారు కూడా. కానీ మామూలు రోజు ఎలా ఉంటుందో తెలియని మనిషి చేతికిస్తే అవి గంటకు వంద హెచ్చరికలు పంపుతాయి, ఆ మనిషి వారంలో వాటి నోరు నొక్కేస్తాడు.

ఇక నా సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. టీవీలో కూలిన కొబ్బరి తోటలు, వేళ్లతో లేచిన జీడి చెట్లు. వజ్రపుకొత్తూరు వైపు మా ఊరికి కరెంటు లేదు, ఫోన్ కలవదు. అమ్మా నాన్నా పిన్నీ అంతా అక్కడే. మూడో రాత్రి డ్యూటీలో ఒక బ్యాచ్ జాబ్ ఆగిపోయింది. ఒక ఖాతా వరుసలో రాకూడని విలువేదో వచ్చి కూర్చుంది. అత్యవసర ఐడీ తీసుకుని ఆ వరుస తెరిచాను. దాని పక్కనే ఇంకో పేరు. ఆ ఇంటిపేరు మా సోంపేట, కవిటి వైపు తప్ప ఇంకెక్కడా వినలేదు నేను.

అమెరికాలో ఉన్న మనవాడు. అతనికి ఊళ్లో కబురు తెలిసి ఉండొచ్చు. ఇంకో క్వెరీ కొట్టాను, ఫోన్ నంబరు కోసం. నంబరు వచ్చింది. ఒక నిమిషం చూసి మూసేశాను. జాబ్ మళ్లీ నడిపించాను.

మర్నాడు మధ్యాహ్నం ఆడిట్ నుంచి ఫోన్. చెన్నైలో కూర్చునే ఒకావిడ, గొంతులో కోపం లేదు. "సార్, మొదటి క్వెరీకి టికెట్ ఉంది. రెండోదానికి లేదండీ." ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను, తుపానుతో సహా. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "అర్థమైంది సార్. కారణం అన్న గడిలో ఏం రాయమంటారు?"

దానికి నాకు ఈ రోజుకీ జవాబు దొరకలేదు. నెల రోజులు నాకు అత్యవసర ఐడీ ఇవ్వడం ఆపేశారు.

ఇందులో ఒక సాంకేతిక సంగతుంది, చెప్పకుండా ఉండలేను. పాతకాలపు ఆడిట్‌లో ఒక టేబుల్‌ని ఒకే విడతలో ఎన్నిసార్లు చదివినా మొదటి చూపు మాత్రమే చిట్టాకెక్కేది. 2010లో డీబీ2 పదో వెర్షన్ ఆడిట్ పాలసీలు తెచ్చాక, కొత్త క్వెరీ కొట్టిన ప్రతిసారీ ఎక్కుతుంది. సర్వాధికారం ఉన్న సిస్‌ఆడ్మ్ చేతి నుంచి భద్రత హక్కుల్ని విడదీసి వేరే మనిషికి ఇవ్వగలిగిందీ ఆ వెర్షన్‌తోనే. పాత పద్ధతే ఉండుంటే నా రెండో చూపు ఎక్కడా మిగిలేది కాదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చెన్నై ఆవిడ పదహారు గంటల్లో పట్టేసింది.

అందరికీ అలాంటి ఆవిడ ఉండదు. 2012లో స్వీడన్‌లో లాజికా కంపెనీ మెయిన్‌ఫ్రేమ్‌లోకి చొరబడినవాళ్లు వేరేవాళ్ల అసలైన ఖాతాలతోనే లోపలికి నడిచారు. ఆపైన ర్యాక్ఎఫ్ డేటాబేస్‌నే బయటికి లాక్కెళ్లి తీరిగ్గా పాస్‌వర్డ్‌లు విప్పుకున్నారు. డెన్మార్క్ పోలీసుల రికార్డులుండే మెయిన్‌ఫ్రేమ్‌కూ అదే గతి పట్టింది. స్వీడన్ పోలీసులు కబురు పెడితేగాని అక్కడివాళ్లకు తెలియలేదు. పైరేట్ బే సైటు పెట్టినవాళ్లలో ఒకడైన గాట్‌ఫ్రిడ్ స్వార్ట్‌హోమ్‌కు ఈ కేసుల్లోనే 2013లో స్వీడన్‌లో, 2014లో డెన్మార్క్‌లో శిక్షలు పడ్డాయి. చిట్టాలు ఉండే ఉంటాయి అక్కడ. మన దగ్గర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం లాగులను 180 రోజులు దాచమంటుంది. దాస్తారు. చదివే మనిషికి జీతం అడిగితేనే మీటింగు వాయిదా పడుతుంది.

మొన్నటి ఆ రాత్రి పిన్నికి తిత్లీ నాటి ఈ కథంతా చెప్పాను. గుమ్మానికి ఆనుకుని వింది. తమ ఫ్యాక్టరీలో సాయంత్రం గేటు దగ్గర అందరి కొంగులూ దులిపించేవారని, యజమాని మరదలిది కూడా వదిలేవారు కాదని చెప్పింది. చెన్నై ఆవిడ గురించి "గట్టి మనిసే" అంది. తర్వాత కాసేపు ఏదో ఆలోచించింది.

"మరి ఆ నెంబరుకి ఫోనైతే సేసావేటి?"

లేదన్నాను.

"సేయాల్సిందిరా. మూడ్రోజులు మీ అమ్మ రోడ్డుకాసే సూస్తూ కూకున్నాది," అని నీళ్ల చెంబు పట్టుకుని లోపలికెళ్లి పడుకుంది.