లక్షణదోషాలు – ఏఐ ఏజెంట్ల టూల్ వివరణలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
సోర్స్ కోడ్‌ను చదివే ఏఐ ఏజెంట్లకు అందించే టూల్ వివరణలను భారతీయ తర్కశాస్త్రంలోని లక్షణదోషాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అనే దోషాలు ఈ వివరణల్లో ఏ రూపంలో కనిపిస్తాయో, శూన్యఫలితం కలిగించే భ్రాంతిని అనుపలబ్ధి చర్చ ఎలా స్పష్టం చేస్తుందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఏఐ ఏజెంట్, టూల్ వివరణ, లక్షణం, అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం, అనుపలబ్ధి.

1. ఉపోద్ఘాతం:
వేలాది ఫైళ్లున్న ప్రోగ్రామ్‌ను ఏఐ ఏజెంట్ ఒకేసారి చదవలేదు. ఫైలు తెరవడానికి, పదాన్ని వెతకడానికి, ఫంక్షన్ నిర్వచనాన్ని చేరడానికి దానికి కొన్ని టూల్స్ అప్పగిస్తారు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వంటి పద్ధతుల్లో టూల్‌కు ఒక పేరు, ఒక వివరణ, అది స్వీకరించే విలువల పట్టిక ఉంటాయి. టూల్ లోపలి పనితీరు సాధారణంగా ఏజెంట్‌కు కనబడదు, వివరణే కనబడుతుంది. కనుక ఇది సాంకేతిక విషయమే అయినా, మూలంలో వాక్యరచనకూ అర్థనిర్ణయానికీ సంబంధించిన సమస్య.

2. లక్షణదోషాలు – అన్వయం:
ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రచించిన దీపికలో లక్షణదోషాలను ఆవు ఉదాహరణతో వివరించాడు. కపిలవర్ణం కలది ఆవు అంటే ఇతర వర్ణాల ఆవులు విడిచిపోతాయి, ఇది అవ్యాప్తి. కొమ్ములు కలది ఆవు అంటే గేదె కూడా చేరుతుంది, ఇది అతివ్యాప్తి. చీలని ఒంటి గిట్ట కలది అంటే ఏ ఆవుకూ వర్తించదు; ఇది అసంభవం.

“కోడ్‌లో వెతుకుతుంది” అనే వివరణలో అతివ్యాప్తి ఉంది. ఫైలు పేర్లను వెతికే టూల్‌కూ, ఫైళ్లలోని పాఠాన్ని వెతికే టూల్‌కూ అది సమానంగా వర్తిస్తుంది. రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు ఏజెంట్ ఎంపికకు ఆధారం దొరకదు. ఇతరాల నుంచి వేరుచేసి చూపడం లక్షణ ప్రయోజనాల్లో ఒకటి. ఆ ప్రయోజనమే ఇక్కడ నెరవేరలేదు.

“ఫంక్షన్ నిర్వచనాన్ని చూపుతుంది” అని రాసిన టూల్ నిజానికి క్లాసుల నిర్వచనాలను కూడా చూపగలిగితే, అది అవ్యాప్తి. క్లాసు కోసం ఏజెంట్ ఆ టూల్ వైపు చూడకపోవచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది అసంభవం. గ్రెప్ వంటి టూల్ అక్షరవరుసను మాత్రమే పోల్చుతుంది. దానికి “ఫంక్షన్‌ను కాల్ చేసే స్థలాలన్నీ చూపుతుంది” అని రాస్తే, కాల్ సంబంధాన్ని గుర్తించే గుణం దానిలో ఎక్కడా లేదు. వ్యాఖ్యల్లోని పేరునూ అది చూపుతుంది. ప్రోగ్రామ్ నడిచే సమయంలో ముక్కలు కలిపి కూర్చిన పేరును పట్టుకోలేదు. మొదటి రెండు దోషాల వల్ల ఎక్కువగా జరిగేది కాలహరణం. మూడవ దోషం అబద్ధాన్ని ప్రమాణంగా నిలబెడుతుంది.

3. శూన్యఫలితం – యోగ్యానుపలబ్ధి:
వెతికిన పేరు ఎక్కడా దొరకలేదనుకుందాం. ఆ ఫంక్షన్‌ను ఎవరూ వాడడం లేదని భావించి ఏజెంట్ దాన్ని తొలగించవచ్చు. భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించినా, ఒక నియమం పెట్టారు: వస్తువు ఉంటే తప్పక కనిపించి ఉండేదన్న యోగ్యత ఉన్నప్పుడే, కనబడకపోవడం అభావాన్ని రుజువు చేస్తుంది. చీకటి గదిలో కుండ కనబడనంత మాత్రాన కుండ లేదని చెప్పలేం. టూల్ ఎక్కడెక్కడ వెతకదో వివరణ చెప్పకపోతే, ఏజెంట్ చీకటి గదిని వెలుతురు గదిగా భావిస్తుంది.

ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2024లో వెలువరించిన స్వే-ఏజెంట్ ఈ అంశాన్ని కొంతవరకు గుర్తించింది. ఏ ఫలితమూ వెలువరించని ఆదేశం విజయవంతంగా నడిచిందని అది స్పష్టంగా తెలుపుతుంది. అన్వేషణ ఫలితాలు 50 దాటితే వాటిని చూపకుండా, ప్రశ్నను ఇంకా నిర్దిష్టంగా మార్చమని సూచిస్తుంది.

ఈ చర్చ ఆధారంగా పాఠాన్ని వెతికే టూల్ వివరణను ఇలా రాయవచ్చు: “ఇచ్చిన అక్షరవరుస ఉన్న పంక్తులను ఫైలు పేరు, పంక్తి సంఖ్యతో చూపుతుంది. ఫైలు పేర్లలో వెతకదు. ఫంక్షన్ కాల్‌లను ప్రత్యేకంగా గుర్తించదు. వ్యాఖ్యల్లోని పేర్లనూ చూపుతుంది. ఫలితం లేకపోవడం ఆ ఫంక్షన్ వాడుకలో లేదనడానికి ఆధారం కాదు.” ఇందులోని ఐదు వాక్యాల్లో నాలుగు టూల్ పరిమితులను చెప్పేవే కావడం గమనార్హం.

4. వివరణకు ఉన్న హద్దు:
అయితే ప్రతి దోషాన్నీ వాక్యంతోనే సవరించలేం. ఏజెంట్ మూల ఫోల్డరు నుంచి బయటికి వచ్చాక సాపేక్ష ఫైలు మార్గాలను వాడి పొరపడుతున్నట్లు ఆంత్రోపిక్ 2024 డిసెంబరులో ప్రచురించిన వ్యాసం పేర్కొంది. అక్కడ ఎల్లప్పుడూ పూర్తి మార్గమే ఇవ్వాలన్నట్లుగా టూల్‌నే మార్చారు, సమస్య తీరింది. అంటే కొన్నిసార్లు సవరించవలసింది లక్షణాన్ని కాదు, లక్ష్యాన్ని. పైగా వివరణలు ఏజెంట్ పఠన పరిధిలో చోటు ఆక్రమిస్తాయి కాబట్టి, తర్కశాస్త్రం కోరే లాఘవం ఇక్కడా అవసరమే. కానీ లాఘవం కోసం పరిమితులను చెప్పే వాక్యాన్ని తొలగించడం సరికాదు.

5. ముగింపు:
టూల్ వివరణకు లక్షణదోషాలు లేకపోవడం మొదటి అర్హత. తన అన్వేషణ యోగ్యత ఎంతవరకో చెప్పడం రెండవ అర్హత. విద్యార్థి అస్పష్ట నిర్వచనాన్ని చదివితే అధ్యాపకుణ్ణి ప్రశ్నిస్తాడు. ఏజెంట్ చాలాసార్లు ప్రశ్నించకుండానే పని మొదలుపెడుతుంది. ఆ కారణంగా, శాస్త్రకారులు లక్షణవాక్యం విషయంలో పాటించిన నిష్ఠ ఈ చిన్న వచనరూపానికి మరింత అవసరమని ఈ పరిశీలన ద్వారా స్పష్టమవుతోంది.